నిలిచిన బండి – నడిచే మనిషి

రోడ్డు అనగానే మన మనస్సులో మెదిలేది పరుగు. ఏ బండి ఎంత వేగంగా పోతున్నది, ఏ కూడలిలో ఎంతసేపు ఆగవలసి వస్తున్నది, ఏ వంతెన ఎప్పుడు పూర్తి కాగలదు అని మాట్లాడుకుంటూ ఉంటాము. కాని ఇంటివాడకానికి ఉంచుకొన్న బండి రోజంతటిలో పరుగెత్తేది ఒకటి రెండు గంటలు మాత్రమే. తక్కిన కాలమంతా అది ఎక్కడో ఒకచోట నిలిచి ఉండవలసిందే. ఆ నిలిచే చోటు ఎవరిది? ఎవరు ఇచ్చారు? అంతకు మునుపు అది ఎవరికి ఉపయోగపడేది? ఈ ప్రశ్నలు నాకు చాలాకాలం తోచనేలేదు. అవి తోచిన రాత్రిని గురించీ, ఆ తరువాత నేను తెలుసుకొన్న నాలుగు సంగతులను గురించీ విజ్ఞులైన పాఠకులకు విన్నవించుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

మాది సికింద్రాబాదులోని రాంగోపాల్‌పేట్. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన దండు చుట్టూ పెరిగిన ఊరు సికింద్రాబాదు. ఆ ఊరిలో మా పేటకు పేరు నిచ్చిన వారు దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్. ఒకనాటి జేమ్స్ స్ట్రీట్, నేటి మహాత్మాగాంధీ రోడ్డు మీద, గడియారపు గోపురంతో కనిపించే పాత పోలీసు స్టేషను కట్టడం ఆయన చలవే. టాంక్‌బండ్ దిగువన ఉన్న డి.బి.ఆర్. మిల్లులలోని ఆ మూడు అక్షరాలూ ఆయన పేరే. మాకు ఒక ప్రక్క రాణీగంజ్ ఇనుప సామాను దుకాణాలు, మరొక ప్రక్క నల్లగుట్ట, హైదర్‌బస్తీ. ఇంకొక ప్రక్క ఘాస్‌మండీ.

ఘాస్ అంటే ఉర్దూలో గడ్డి. గుర్రాలకూ, ఎద్దులకూ మేత అమ్మిన చోటు అని ఆ పేరే చెబుతున్నది. చిన్నప్పుడు ఆ పేరు విని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక నీతి కనిపిస్తున్నది. గుర్రాన్ని ఉంచుకొన్నవాడు దాని గడ్డికీ, దాని పాకకూ తానే ఏర్పాటు చేసుకోవలసిన కాలమది. తన గుర్రాన్ని తెచ్చి పొరుగువాని గుమ్మంలో కట్టివేసి, తెల్లవారే దాకా అది అక్కడే ఉంటుందని అంటే ఆనాడు ఎవరూ ఊరుకొని ఉండరు. గుర్రం పోయి మోటారు వచ్చింది. గడ్డి ఖర్చు పెట్రోలు ఖర్చుగా మారింది. అది మనమే భరిస్తున్నాము. పాక సంగతి మాత్రం మరచిపోయాము. వీధినే పాకగా చేసుకొన్నాము.

మా ఇల్లు రాణీగంజ్ వైపు దిగే ఒక సందులో ఉన్నది. పాత ఇండ్లు, పాత అరుగులు. సందు మధ్యలో ఒక మలుపు. ఆ మలుపు దగ్గర కొంచెం వెడల్పైన జాగా. నా చిన్నతనంలో ఉదయం పూట ఆ జాగాలో కూరగాయల తోపుడు బండి ఆగేది. ఎండ ఎక్కిన తరువాత ఎదురింటి దాదీమా కుర్చీ వేసుకొని, తసబీహ్ త్రిప్పుకొంటూ అక్కడే కూర్చునేవారు. మేము బడినుంచి వచ్చేసరికి ఆమె అక్కడ ఉంటే ఇంట్లో తాళం వేసి ఉన్నా మాకు దిగులు ఉండేది కాదు. ఆ జాగాకు పట్టా లేదు, పేరు లేదు. అయినా అది అందరికీ అక్కరకు వచ్చేది.

2019లో మా నాన్నగారు ఒక పాత కారు కొన్నారు. రాణీగంజ్‌లో మాకు చిన్న ఇనుప సామాను దుకాణం ఉన్నది. మేకులు, బందులు, గొళ్ళేలు, తాళాలు, కొలత టేపులు అమ్మి పెంచిన సంసారంలో కారు రావడం మాకు పండుగే అయింది. దాన్ని ఎక్కడ నిలపాలి అన్న ప్రశ్నే రాలేదు. మలుపు దగ్గర జాగా ఉన్నది గదా! ఆనాడు దాదీమా తానే కుర్చీని వెనక్కు జరుపుకొని, "ముబారక్ హో బేటీ" అని నా తలపై చేయి వేసి దీవించారు. మరునాటి నుంచి ఆమె తమ గుమ్మం లోపలే కూర్చోవడం ప్రారంభించారు. తోపుడు బండి అమ్మ సందు మొదటనే ఆగిపోయింది. మేము ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. ఒక్క నయాపైసా ఇవ్వకుండా, ఒక్క కాగితం వ్రాయకుండా ఆ జాగా మాదైపోయింది.

మమ్మల్ని చూసో, తమ అవసరం కొద్దీనో తక్కిన వారూ మోటారు సైకిళ్ళను ఎదుటి గోడకు అడ్డంగా నిలపసాగారు. సందులోకి ఆటో రావడం మానింది. గ్యాసు సిలిండరు తెచ్చేవాడు మొదటనే దించి భుజాన మోసుకొని వచ్చేవాడు. "తాను దూర సందు లేదు, మెడకో డోలు" అన్న సామెతను మా అమ్మ నవ్వుతూ అంటూండేది. మేమూ నవ్వేవాళ్ళం.

2021 డిసెంబరు మాసంలో ఒక రాత్రి రెండు గంటల వేళ ఎదురింటి తలుపు దబదబ మ్రోగింది. దాదీమాకు ఊపిరి ఆడడం లేదు. ఆమె కుమారుడు, మేమంతా చాచా అని పిలిచే దర్జీ, 108కి కబురు చేశారు. బండి త్వరగానే వచ్చింది. కాని వచ్చింది సందు మొదటి వరకే. అందులోనివారు దిగి చూసి, స్ట్రెచరు కూడా ఈ మలుపు తిరగదని చెప్పారు. ఒక ప్రక్క మా కారు. ఎదురుగా వరుసగా తాళాలు వేసిన మోటారు సైకిళ్ళు. నాన్నగారు తాళం చెవి కోసం లోపలికి పరుగెత్తారు. చెవి దొరికినా కారు కదలడానికి దారి లేదు. ముందున్న మోటారు సైకిళ్ళ యజమానులు ఎవరెవరో, ఏ అంతస్తులో నిద్రపోతున్నారో!

చివరకు దాదీమాను ఆమె కూర్చునే ఆ కుర్చీలోనే కూర్చుండబెట్టి, నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకొని, ఒకరి వెనుక ఒకరుగా మా కారు ప్రక్కనుంచి మోసుకొని వెళ్ళారు. ఒక చోట కుర్చీ కాలు కారుకు గీరుకొన్నది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. నేను ఆమె ప్రక్కనే నడుస్తున్నాను. ఊపిరి అందని ఆ అవస్థలో ఆమె నా వైపు తిరిగి, "బేటీ, మీ మోటారుకు గీత పడిందేమో చూడు" అన్నారు.

భగవంతుని దయవల్ల ఆమె బ్రతికారు. పది రోజులకు ఇంటికి వచ్చారు. ఎవరూ మమ్మల్ని నిందించలేదు. ఒక్కమాట అని ఉంటే మా మనస్సు కొంత తేలిక పడేదేమో. ఆ ఒక్కమాట ఎవరూ అనలేదు.

ఆ ఆదివారం నేను దుకాణం నుంచి ఒక కొలత టేపు తెచ్చి సందును కొలిచాను. గోడ నుంచి గోడకు పదిహేను అడుగులు. మా కారు, గోడకు విడిచిన ఖాళీతో కలిపి ఐదున్నర అడుగులు. అడ్డంగా నిలిపిన మోటారు సైకిలు ఆరున్నర అడుగులు. మిగిలినది మూడడుగులు. పదిహేను అడుగుల వీధిలో నిలిచిన యంత్రాలకు పన్నెండు, నడిచే మనుష్యులకు మూడు. నాన్నగారు నా చేతిలోని కాగితం చూశారు. ఏమీ అనలేదు. మరునాడు భోజనాల వేళ మాత్రం, "వ్యాపారం చేసుకొనేవాళ్ళం. బండి లేకుండా ఎట్లా? బండి ఉంటే నిలిపే జాగా లేకుండా ఎట్లా?" అన్నారు. నన్ను కాదు, తనను తానే అడిగినట్లు.

ఆయన ప్రశ్న న్యాయమైనదే. అందుకే జవాబు కోసం నేను కొన్ని పుస్తకాలూ, ప్రభుత్వపు ఉత్తర్వులూ తిరగవేశాను. మన ఏలికలు ఈ ప్రశ్నకు ముఖ్యంగా ఇచ్చిన జవాబు: "కట్టే ప్రతివాడూ బండ్లకు చోటు విడవాలి". 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెలువరించిన భవన నిర్మాణ నియమాలు, 168వ నంబరు జీవోగా ప్రసిద్ధమైనవి, ఏ రకపు కట్టడంలో ఎంత వంతు వాహనాలకు కేటాయించాలో నిర్ణయించాయి. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. అయితే కారు ఒక్కటే లోపలికి ఎగిరి వచ్చి కూర్చోదు. అది వచ్చే దారి, తిరిగే మలుపు, ఎక్కే వాలు అన్నీ కావాలి. అన్నీ కలుపుకొని ఒక్క కారుకు బయలు ప్రదేశంలో 23 చదరపు మీటర్లు, నేలమాళిగలో 32 చదరపు మీటర్లు కావాలని ఢిల్లీ నగర ప్రణాళికలో లెక్క కట్టారు. 32 చదరపు మీటర్లంటే సుమారు 344 చదరపు అడుగులు. మన రాష్ట్రంలో బీదలకు కట్టించిన రెండు పడక గదుల ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. అంటే ఆ ఇంటిలో సగానికి మించిన చోటు ఒక కారు నిద్రకే కావాలన్నమాట!

ఈ నియమం ఊరి రూపునే మార్చివేస్తుంది. చిన్న స్థలమున్నవాడు అంత చోటు విడువలేడు. అందుచేత రెండు మూడు పాత ఇండ్లు కలిపి పడగొట్టగలిగిన పెద్దవాడే కొత్తగా కట్టగలుగుతాడు. మా పేటలో పాత ఇండ్లకు వీధివైపు అరుగో, దుకాణమో, ఒక కిటికీయో ఉంటుంది. కొత్త కట్టడాలకు క్రిందంతా స్తంభాలు, స్తంభాల నడుమ చీకటిలో బండ్లు. వీధిని కనిపెట్టి చూసే దాదీమా వంటి వారికి అక్కడ స్థానం లేదు. ఆ స్తంభాల క్రింది జాగా అందరిదీ అనీ, కట్టినవాడు దానిని విడిగా అమ్ముకోరాదనీ సుప్రీం కోర్టు 2010లో ఒక బొంబాయి వ్యాజ్యంలో తీర్పు చెప్పవలసి వచ్చిందంటే ఆ జాగా విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

పోనీ, విడిచిన చోటు బండ్లకైనా దక్కుతున్నదా అంటే అదీ లేదు. నేలమాళిగలు గిడ్డంగులుగా, దుకాణాలుగా మారిపోవడం మన ఊళ్ళో ఎవరూ ఎరుగని రహస్యం కాదు. లోపలి బండ్లు బయటి వీధికి వస్తాయి, వీధిలోని మనిషి ఇంకొంచెం ప్రక్కకు తొలగుతాడు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదు పాస్‌పోర్టు కార్యాలయం సమీపాన ఒక కట్టడం క్రింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జీని క్రమ్మి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. నాలుగు నెలలు తిరిగేసరికి, 2023 జనవరి 19న, మా నల్లగుట్టలోనే సరకుతో నిండిన మరొక పెద్ద కట్టడం తగులబడింది. లోపలికి వెళ్ళిన ముగ్గురు కార్మికులు తిరిగి రాలేదు. ఏ చోటు దేనికోసం విడిచారో, దానిని దేనికి వాడుతున్నారో చూసేవారు లేకపోతే ఏమౌతుందన్న ప్రశ్న ఆ రోజులలో ప్రతి ఇంటా వినిపించింది. తరువాత మెల్లగా మరుగున పడింది.

రెండవ జవాబు "ఉచితంగా ఇవ్వండి" అన్నది. పెద్ద అంగళ్ళలోనూ, సినిమాశాలల సముదాయాలలోనూ పార్కింగు పేరిట వసూళ్ళు మితిమీరగా, తెలంగాణ ప్రభుత్వం 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి అరగంట ఉచితమనీ, ఆపైన కొనుగోలు రశీదు చూపినవారికి నిబంధనల మేరకు మినహాయింపు అనీ ఉత్తర్వు చేసింది. దోపిడీని అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. నేనూ సంతోషించినదాన్నే. కాని ఉచితమన్న వస్తువు లోకంలో ఎక్కడున్నది? ఆ నేలకు అద్దె ఉన్నది, దీపానికి ఖర్చు ఉన్నది, కాపలావానికి జీతం ఉన్నది. బండివాడు ఇవ్వనిది సరకుల ధరలో కలుస్తుంది. బస్సు దిగి నడిచి వచ్చి ఒక జత చెప్పులు కొన్న ఆమె కూడా కారువాని జాగాకు తన వంతు చెల్లిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ షూప్, 2025లో దివంగతుడైన పండితుడు, ఉచిత పార్కింగుకు సమాజం చెల్లించే మూల్యాన్ని గురించి 2005లో ఒక పెద్ద గ్రంథమే వ్రాశాడు. ఆయన వాదంలోని సారాంశం ఇదే.

ఈ మాట నేను నాన్నగారికి చెబితే ఆయన ఒప్పుకోలేదు. "దుకాణం ముందు బండి నిలిపే చోటు లేకపోతే గిరాకీ ఇంకొక బజారుకు పోతుంది" అన్నారు. సరే, లెక్క చూద్దామన్నాను. ఒక శనివారం ఆయన చిట్టా పుస్తకంలో ఒక పుట విడిచి, ఎవరు ఎట్లా వచ్చారో గీతలు గీశారు. ఎక్కువమంది బస్సు దిగి నడిచి వచ్చినవారే. తరువాత ద్విచక్రవాహనాల వారు. బరువు సామాను కొన్నవారు ట్రాలీ ఆటో పిలిపించుకొన్నారు. కారులో వచ్చినవారు ఇద్దరే. ఇక దుకాణం ముందు పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి దాకా కదలకుండా నిలిచిన బండ్లు ఎవరివి? గిరాకీవి కావు. మా వరుస వర్తకులవి, గుమాస్తాలవి. వాటిలో మా నాన్నగారి స్కూటరు ఒకటి. ట్రాలీ ఆటోలు నిలిచే చోటు లేక నడిరోడ్డున ఆగుతున్నాయి. వెనుక బస్సు హారను మ్రోగిస్తున్నది. నాన్నగారు ఆ పుటను చాలాసేపు చూశారు. మరునాటి నుంచి స్కూటరు ఇంటివద్ద విడిచి దుకాణానికి నడిచి వెళ్ళసాగారు. పావుగంట నడక.

చిత్రమేమంటే, లోకంలో మొట్టమొదటి పార్కింగు మీటరు పుట్టినదీ ఈ బాధలోనుంచే. 1935 జూలైలో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో దానిని నెలకొల్పారు. అంగళ్ళలోనూ, కార్యాలయాలలోనూ పనిచేసేవారు పొద్దుటే వచ్చి తమ కార్లతో వీధులు నింపివేస్తే కొనుగోలుకు వచ్చేవారికి చోటు దొరకలేదు. బండ్లు మారుతూ ఉండాలన్నదే ఆ రుసుము ఉద్దేశం. జపానువారు 1962లో ఇంకొక మార్గం త్రొక్కారు. కారు నిలుపుకొనే చోటు తనకు ఉన్నదని రుజువు చూపితేగాని కారు తన పేరిట చేసుకోవడానికి వీలులేదని శాసనం చేశారు. మెక్సికో నగరం 2017లో కట్టడాలకు ఇన్ని కార్ల చోటు తప్పక ఉండాలన్న నియమాన్ని ఎత్తివేసి, ఇంతకు మించరాదని తిరగవ్రాసింది. మన దేశపు 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పట్టణాలలో నేల అమూల్యమైనదనీ, నిలిపే రుసుములో ఆ విలువ కనిపించాలనీ చెప్పింది. చెన్నైలో త్యాగరాయనగర్ పాండీబజారులో 2019లో కాలిబాటలను విశాలం చేసి, నడిచేవారికి ప్రాధాన్యమిచ్చారు. మాకు దగ్గరలోని ప్యారడైజ్ స్టేషనుకు 2017 నవంబరులో మెట్రో వచ్చింది. ఆ స్టేషను దాకా నడవడానికి మాత్రం నిలిచిన బండ్ల నడుమ ఒదిగి ఒదిగి పోవలసి వస్తున్నది. కోట్లు పోసి రైలు వేసి, దాని గుమ్మానికి పోయే కాలిబాటను బండ్లకు అప్పగించడం ఏమి పొదుపు?

ఇక మా సందు సంగతి. కొంతకాలానికి నాన్నగారు పది నిమిషాల నడక దూరంలో ఒకరి ఖాళీ ఆవరణలో నెల అద్దెకు చోటు కుదుర్చుకొని కారును అక్కడ ఉంచసాగారు. మొదటి నెల అద్దె ఇచ్చి వచ్చిన రాత్రి, "ఇన్నాళ్ళూ ఈ అద్దె ఎవరు కట్టినట్లు?" అన్నారు. నాకు ఏ గ్రంథమూ ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు.

మేము ఖాళీ చేసిన మలుపు రెండు రోజులైనా ఖాళీగా లేదు. మూడవనాడు రెండు మోటారు సైకిళ్ళు వచ్చి చేరాయి. అప్పుడు చాచా, నాన్నగారు కలిసి సందులోని వారందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టారు. మోటారు సైకిళ్ళను అడ్డంగా గాక గోడ వెంట నిలువుగా ఉంచితే మూడడుగులు చాలును, పన్నెండు అడుగులు దారి మిగులుతుంది. కాని అట్లా ఉంచితే అన్నీ పట్టవు. కొన్ని బయటకు పోవాలి. ఎవరివి? అక్కడ మాట పెరిగింది. ఇండ్లకు భోజనాలు అందించే ఉద్యోగంలో ఉన్న ఒక యువకుడు లేచి, "మీరు అద్దె కట్టగలరు. నాకు ఈ బండే అన్నం. రాత్రి ఒంటిగంటకు వచ్చి ఎక్కడో పెట్టి నడిచి రమ్మంటారా?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. అన్నింటికీ ధర కట్టితే చాలునని అంతవరకూ అనుకొంటూ వచ్చిన నాకు కూడా ఆ ప్రశ్న ఒక పాఠమే. ధర కట్టవలసినదే, కాని ఎవరి అవసరం ముందు అన్నది ధరకన్న ముందే తేల్చుకోవాలి. చివరకు బండితోనే బ్రతుకు సాగించే వారికి మొదటి చోటు, రెండేసి బండ్లున్న ఇంటివారు ఒకటి బయట ఉంచుకోవాలి, మలుపులో ఏదీ నిలపరాదు అని నిర్ణయించారు. చాచా సున్నంతో నేలమీద గీత గీశారు. ఆ గీతను అప్పుడప్పుడు ఎవరో ఒకరు దాటుతూనే ఉన్నారు. ఎవరో ఒకరు పిలిచి చెబుతూనే ఉన్నారు. వానాకాలం వెళ్ళగానే గీత మళ్ళీ గీయవలసి వస్తుంది.

ఈ సంచిక చదువుతున్న సోదర సోదరీమణులకు ఒక్క మనవి. మన కళాశాల గుమ్మం ప్రక్కన మెట్లు ఎక్కలేని వారికోసం ఒక వాలుదారి ఉన్నది. ఉదయం పది గంటల వేళ అది మన మోటారు సైకిళ్ళ వెనుక కనిపించదు. దానిని మూసివేసినది ఏ ప్రభుత్వమూ కాదు.

దాదీమా మలుపు దగ్గర తమ కుర్చీలో రెండు చలికాలాలు ఎండలో కూర్చున్నారు. తోపుడు బండి అమ్మ మళ్ళీ లోపలి దాకా వచ్చింది. గత సంవత్సరం దాదీమా కాలం చేశారు. ఆనాడు జనాజా మా గుమ్మం ముందునుంచి సాగిపోయింది. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు, ప్రక్కన భుజం మార్చుకొనేందుకు నడిచేవారు, వారిలో మా నాన్నగారు. ఎక్కడా ఆగలేదు, దేనికీ గీరుకోలేదు. సందులో పన్నెండు అడుగుల దారి ఉన్నది.